సినిమా ఎలా ఉందని అడిగితే పనికొచ్చే జవాబు చెప్పడం ఎలా

హనుమకొండలో నాది లేడీస్ టైలరింగ్ షాపు. జాకెట్ కొలతలు తీసుకునేటప్పుడు నన్ను ఎక్కువగా అడిగే మాట, "అక్కా, ఈ మధ్య ఏం మంచిగున్నయ్?" అడిగేవాళ్లలో నెలకు ఒక్క సినిమాకే డబ్బులు పక్కన పెట్టుకునేవాళ్లున్నారు. పిల్లలు పడుకున్నాక గానీ ఫోన్ చేతికి రానివాళ్లున్నారు. నా మాట నమ్మి ఆ డబ్బు, ఆ కాసేపు ఖర్చు పెడతారు. అందుకే "సూపర్", "సోది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం ఉండదు. మనం విమర్శకులం కాకపోయినా అవతలివాళ్లకు ఉపయోగపడేలా చెప్పొచ్చు. నేను చేసే పద్ధతి ఇది.

చూసిన రాత్రే రెండు ముక్కలు రాసుకోండి. నేను కొలతల పుస్తకం చివరి పేజీల్లో రాస్తాను. ఏ సీను కళ్లలో నిలిచింది? ఎక్కడ చెయ్యి ఫోన్ మీదకు పోయింది? ఈ రెండూ చాలు. అది రాసేదాకా రేటింగులు చూడకండి. 2.5 అని ఒకరు, 2.75 అని ఇంకొకరు ఇస్తారు. ఆ పావు దేనికి తగ్గిందో మనకు తెలియదు, కానీ ఆ అంకె ఒకసారి చదివాక మన అభిప్రాయం దాని చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

ఇక అడిగినవాళ్లకు కథ మొత్తం చెప్పొద్దు, ఒక్క సంగతి పట్టుకుని చెప్పండి. 2023లో వచ్చిన 'బలగం' తీసుకోండి. "సెంటిమెంట్ బాగా పండింది" అంటే వినేవాళ్లకు ఏమీ అందదు. నేనైతే ఇలా చెప్తాను: తాత కొమురయ్య చనిపోతే మనవడు సాయిలుకు ఏడుపు రాదు. తన ఎంగేజ్‌మెంట్ ఆగిపోతుందని, కట్నం రాకపోతే అప్పు ఎలా తీరుతుందని టెన్షన్ పడతాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టదో ఊరంతా తలో మాట అంటుంది. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క (మూలుగ ఉన్న ఎముక) కోసం బావా బావమరుదుల మధ్య మొదలైన పట్టింపు, ఆడబిడ్డను ఏళ్ల తరబడి పుట్టింటి గడప తొక్కనివ్వలేదు.

ఇంత చెప్తే చాలు. మేనత్తతో మాటల్లేని ఇల్లు ఎవరిదైనా ఉంటే వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో పెద్దదిక్కు ఈ మధ్యే పోయినవాళ్లు ఇప్పుడే చూడాలా, కొన్నాళ్లు ఆగాలా అని వాళ్లే ఆలోచించుకుంటారు. చివర్లో పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులది మా వరంగల్ జిల్లా దుగ్గొండి. ఆ పాట దగ్గర నాకున్న అభిమానంలో మా జిల్లా అన్న ప్రేమ కూడా కలిసి ఉంది. ఆ సంగతీ చెప్పేస్తాను. మన మొగ్గు ఎటు ఉందో ముందే చెప్తే వినేవాళ్లు తగినంత తగ్గించుకుని వింటారు. ఫలానా హీరో ఫ్యాన్‌నని చెప్పుకోవడంలోనూ తప్పేం లేదు, దాచిపెట్టి పొగడడమే తప్పు.

నటన గురించి చెప్పడం చాలామందికి కష్టంగా ఉంటుంది. "జీవించేశాడు" అని ఆగిపోతారు. ఒక చిట్కా ఉంది. అదే నటుడిని ఇంకో దాంట్లో చూసి పక్కపక్కన పెట్టండి. 2024 జనవరిలో ఈటీవీ విన్ ఓటీటీలో వచ్చిన సిరీస్ '90స్ ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'లో శివాజీ లెక్కల మాస్టారు. పైసా పైసా లెక్క చూసే తండ్రి. ఆయన కోపం వెనక పిల్లల చదువు గురించిన భయం ఉంటుంది. 2025లో వచ్చిన 'కోర్ట్'లో అదే శివాజీ మంగపతి. ఇక్కడా ఇంట్లోవాళ్లను అదుపులో పెట్టే మగాడే, కానీ ఈ కోపానికి పరువు తప్ప ఇంకేం పట్టదు. ఇంట్లో అమ్మాయి ప్రేమించిన కుర్రాడిని పోక్సో కేసులో (పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టే కేసు) ఇరికించేదాకా పోతుంది. మొదటిది చూసినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. రెండోది చూస్తున్నప్పుడు షాపులో మాట్లాడుతూ మాట్లాడుతూ భర్త ఫోన్ రాగానే గొంతు తగ్గించే ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఒకే మనిషి ఈ రెండూ చేశాడని చెప్తే, నటన గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

ప్రియదర్శి విషయంలోనూ అంతే. 'బలగం'లో సాయిలు, 'కోర్ట్'లో లాయరు, '35 చిన్న కథ కాదు'లో పిల్లాడిని హడలగొట్టే లెక్కల సారు. వీటిలో ఏ రెండైనా వరసగా చూడండి, తేడా మీకే దొరుకుతుంది.

మీ పనికి సంబంధించిన సంగతి తెర మీద కనిపిస్తే అక్కడ గట్టిగా మాట్లాడండి, ఆ హక్కు మీకుంది. పాత కాలం కథ వస్తే నేను ముందు జాకెట్ చేతుల పొడవు, వీపు కోత చూస్తాను. నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ '35' చూసి ఒక మాట చెప్పింది. అందులో పిల్లాడు, సున్నాకు విలువే లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది, తొమ్మిది కంటే పెద్దది ఎలా అవుతుందని పట్టుబడతాడు. "ఇట్లాంటి పిల్లలు క్లాసుకు ఒక్కరన్నా ఉంటరు, మేమే సిలబస్ అయిపోవాలని కూర్చోబెడతం" అంది. ఆ సినిమా గురించి నేను చదివిన రివ్యూలన్నింటికంటే ఈ మాట నాకు ఎక్కువ చెప్పింది.

చెప్పే ముందు అడిగింది ఎవరో చూసుకోవాలి. పసిపిల్లలున్న ఇంటికి 'హిట్ 3' చెప్పలేం. దానిది ఎ సర్టిఫికెట్. యూఏ సర్టిఫికెట్‌ను కూడా ఇప్పుడు 7, 13, 16 ఏళ్ల లెక్కన విడదీసి ఇస్తున్నారు. టికెట్ బుక్ చేసేముందు ఆ అంకె చూడమని చెప్పండి. సర్టిఫికెట్‌తో తేలని సంగతులూ ఉంటాయి. 'సంక్రాంతికి వస్తున్నాం'లో ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న బుల్లిరాజు, వాళ్ల నాన్నను ఏమన్నా అంటే తిట్ల దండకం ఎత్తుకుంటాడు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. అయినా ఆరేళ్ల పిల్లాడున్న తల్లికి ఆ సంగతి ముందే చెప్తాను. ఆ తర్వాత ఆవిడ ఇష్టం.

మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు 'పుష్ప 2' నిడివి 3 గంటల 20 నిమిషాలని చెప్పడం కూడా అభిప్రాయంలో భాగమే. ఎంత పెట్టి చూశారో కూడా చెప్పండి. ఆ సినిమా ప్రీమియర్‌కు తెలంగాణలో టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. అంత పెట్టి మొదటి రాత్రి అరుపుల మధ్య చూసినవాళ్ల మాట, కొన్నాళ్ల తర్వాత ఇంట్లో చూసినవాళ్ల మాట ఒకేలా ఉండవు. రెండూ నిజమే. ఏది ఎక్కడ చూశారో చెప్తే చాలు.

సిరీస్‌లు వేరే లెక్క. మొదటి ఎపిసోడ్‌కే తీర్పు ఇవ్వొద్దు, అలాగని ఎనిమిదీ చూసేదాకా నోరు మూసుకోనక్కర్లేదు. ఎక్కడిదాకా చూశారో చెప్పి మాట్లాడండి. '90స్' ఆరు ఎపిసోడ్లే, ఇంట్లో జరిగే చిన్నచిన్న విషయాలు కాబట్టి కుట్టుపని చేసుకుంటూ చూసినా అందుతుంది. 'దూత' ఎనిమిది. పేపర్లో ముందే పడిన వార్త నిజమవుతుంటే, ఎందుకో మనమూ వెతుక్కుంటూ పోవాలి. మధ్యలో లేచి అన్నం వడ్డిస్తే దారం తెగుతుంది. చాలామందికి కావాల్సింది ఈ సమాచారమే.

సస్పెన్స్ దగ్గర మాత్రం నోరు కట్టేసుకోండి. 'క' గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఇంతే: మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే ఊరు, ఊళ్లోవాళ్ల ఉత్తరాలు విప్పి చదివే అలవాటున్న పోస్ట్‌మ్యాన్. "చివర్లో పెద్ద ట్విస్ట్ ఉంది" అని కూడా అనను, ఆ మాట చెవిన పడితే సినిమా అంతా దానికోసమే కాచుకుని కూర్చుంటారు. చూసి వచ్చాక జాకెట్ తీసుకోవడానికి ఎలాగూ వస్తారు, మిగతాదంతా అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుంటాం.