లోగో ముందు 16 పిక్సెళ్లలో బాగుండాలి

చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినవాళ్లు లోగోను ల్యాప్‌టాప్ తెర నిండా పెట్టుకుని చూసి ఓకే చేసేస్తారు. అంత పెద్దగా చూస్తే ఏ బొమ్మైనా బాగానే ఉంటుంది. జనం కంట పడేది మాత్రం బ్రౌజర్ ట్యాబ్‌లో 16 పిక్సెళ్ల చదరంలో, వాట్సాప్ డీపీ గుండ్రంలో, బిల్లు కాగితం మీద. అందుకే చిన్న సైజు నుంచే మొదలుపెట్టండి.

నేను కిరాణా కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసినప్పుడు మొదటి లోగోలో నీలం మెల్లగా ఊదాలోకి మారే గ్రేడియంట్ పెట్టాను, తెర మీద ఎంతో ముచ్చటగా ఉండేది. థర్మల్ ప్రింటర్‌కి నలుపు తప్ప ఇంకో రంగు రాదు కదా, రసీదు మీద లేత రంగు ఉన్న చోట చుక్కలు చుక్కలుగా, ముదురు రంగు ఉన్న చోట మసి పూసినట్టుగా వచ్చింది. కొట్టాయన రసీదు చింపి చూపించి "ప్రింటర్ హెడ్ పోయిందా బాబూ?" అని అడిగారు. ఆ రాత్రే నల్ల స్కెచ్ పెన్నుతో మళ్లీ మొదటి నుంచి గీశాను.

మీరూ అలాగే చేయండి. ఒక్క నలుపుతో గీసి, అది కుదిరాకే రంగు వేయండి, ఒకటి లేదా రెండు చాలు. ఆఫీసుల్లో వాడే చాటింగ్ యాప్ స్లాక్ పాత లోగోలో 11 రంగులు ఉండేవి, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ కాకపోతే బాగా కనిపించేది కాదు, 2019లో మార్చేశారు.

గేర్లు, గ్లోబులు, బల్బులు వద్దు, ఎవరి కంపెనీయో గుర్తుండదు. పేరులోని మొదటి అక్షరం చాలా మేలు. తెలుగు అక్షరమైతే ఇంకా బాగుంటుంది, కానీ వత్తులు, గుడులు లేనిది చూసుకోండి. చిన్న సైజులో 'ఫ' కింది గీత చెరిగిపోయి 'ప' అయిపోతుంది, తలకట్టుకీ అక్షరానికీ మధ్య ఖాళీ పూడుకుపోతుంది. ఆ ఖాళీని ఫాంట్‌లో ఉన్నదానికంటే కాస్త పెంచి గీయించండి.

నచ్చిన డిజైన్‌ను ఫోన్‌లో వేరే యాప్‌ల ఐకాన్ల మధ్య పెట్టి, చెయ్యి చాచినంత దూరం నుంచి చూడండి. వెతుక్కోవాల్సి వస్తే ఇంకా పని ఉన్నట్టే.

ఖరారు చేసే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో 9, 42 క్లాసుల్లో (సరుకులు, సేవల వర్గాలు) అలాంటి పేరు, గుర్తు ఉన్నాయేమో వెతకండి. సాఫ్ట్‌వేర్‌కు ముఖ్యంగా చూడాల్సినవి ఆ రెండే. బయటి డిజైనర్‌తో చేయిస్తే, డబ్బులిచ్చినంత మాత్రాన కాపీరైట్ మీది అయిపోదు, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. పిక్సెళ్లతో చేసిన పీఎన్‌జీ బొమ్మ ఒక్కటి పంపి సరిపెట్టేస్తే ఒప్పుకోకండి, రేపు బ్యానర్ కొట్టించాలంటే పగిలిపోతుంది. ఎంత పెద్దది చేసినా పగలని ఎస్‌వీజీ ఫైలు, సంతకం పెట్టిన బదిలీ కాగితం రెండూ చేతికొచ్చాకే చివరి పేమెంట్ చేయండి.