రెక్క మెలి తిరిగితే నేను సరిచేసిన తీరు

మా పర్లాకిమిడిలో వానలు పట్టాయంటే మోడల్ విమానాలకు వాడే తేలికపాటి బాల్సా చెక్క తేమ పీల్చేస్తుంది. వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ ఫిల్మ్ పైన అతికించి పక్కన పెట్టిన నా పెద్ద ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానం కుడి రెక్క చివర వెనక అంచు పైకి లేచింది. అలాగే ఎగరేస్తే కుడివైపుకే ఒరుగుతుంది, ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) ట్రిమ్‌తో, అంటే దాన్ని కాస్త పక్కకు జరిపి ఉంచి, సర్దుకోవడం నాకు అస్సలు నచ్చదు.

తమ్ముడు రెక్క మొదలు గట్టిగా పట్టుకుంటే, నేను చివరను ఎదురు దిశలో, కావలసినదానికంటే కాస్త ఎక్కువే మెలితిప్పి, పైనా కిందా హీట్ గన్ తిప్పాను. ముడతలు పడ్డ ఫిల్మ్ ఆ వేడికి మళ్లీ బిగుసుకుంది. పూర్తిగా చల్లారేదాకా చెయ్యి వదలకూడదు, అసలు కిటుకు అదే.

ఎడమ రెక్క ఇంకా కడుతూనే ఉన్నా, బోర్డు మీదే పిన్నులతో ఉంది. దానికి పై స్పార్‌కీ (రెక్క పొడవునా సాగే కర్ర) కింది స్పార్‌కీ మధ్య షియర్ వెబ్‌లు, అంటే ఆ రెండిటినీ కలిపే పలుచని చెక్క ముక్కలు, చెక్క నార నిలువుగా ఉండేలా అతికిస్తున్నా. ముందు అంచు మీద షీటింగ్ (పలుచని చెక్క రేకు) మూసేదాకా పిన్నులు తీయను.