బేస్‌బాల్ నేర్చుకుందాం – 4వ పాఠం: చెక్క బ్యాటు, అల్యూమినియం బ్యాటు

హన్మకొండ గ్రౌండులో ప్రాక్టీసుకు వచ్చేటప్పుడు ఈసారి రెండు రకాల బ్యాట్లు, మీటర్ టేపు, సుతిలి తాడు, సుద్దముక్క తెచ్చుకోండి. తూకం ఇంట్లోనే వేసుకుని రండి.

రెండింటి మీదా 33 అంగుళాలు, 30 ఔన్సులు అనే రాసి ఉండొచ్చు. తూకంలో రెండూ 850 గ్రాముల దగ్గరే ఆగుతాయి. తిప్పితే మాత్రం చెక్కదే బరువనిపిస్తుంది. బ్యాటును సుతిలి ఉచ్చులో వేలాడదీసి, అటూ ఇటూ ఒరగకుండా నిలిచే చోట గీత పెట్టండి. నాబ్ (పిడి కింది గుండ్రటి బొడిపె) చివరి నుంచి గీత దాకా కొలవండి. చెక్కది 56 సెంటీమీటర్లు, అల్యూమినియంది 52 వచ్చిందనుకుందాం. చేతుల పట్టుకు 15 తీసేస్తే 41, 37. తిప్పేటప్పుడు చేతులకు ఎంత బరువనిపిస్తుందో పోల్చడానికి వీటిని 850తో గుణిస్తే 34,850, 31,450. దాదాపు పదో వంతు తేడా! అల్యూమినియం బ్యారెల్ (బంతిని కొట్టే లావు భాగం) లోపల డొల్ల కాబట్టి బరువు చేతుల వైపు జరుగుతుంది. బంతి దాటిపోయాక బ్యాటు వస్తుంటే, తప్పంతా మీ భుజాలదే అనుకోకండి.

డొల్ల గోడ బంతి తగలగానే కాస్త లోనికి వంగి, తిరిగి తోస్తుంది. చెక్క అలా వంగదు, బంతే ఎక్కువ నలిగి శక్తి పోగొట్టుకుంటుంది. అమెరికా కాలేజీ ఆటలో 2011 నుంచి వచ్చిన బీబీకార్ (BBCOR) అనే బ్యాట్ల నియమం ఈ తోపుకు పగ్గం వేసింది. ఆ ముద్ర ఉన్న బ్యాటుకూ చెక్కకూ తేడా ఎక్కువగా తిప్పే వేగంలోనే.

చెక్క బ్యాటుతో కొట్టేటప్పుడు కంపెనీ ముద్ర ఆకాశం వైపు ఉండాలి. ముద్ర మీదే బంతి పడితే బ్యాటు విరిగే అవకాశం ఎక్కువ. బంతి తగలాల్సింది బ్యారెల్ కొస నుంచి సుమారు 12–18 సెంటీమీటర్ల మధ్య. తప్పితే చేతులు జివ్వుమంటాయి. మేపుల్ చెక్క బ్యాటు హ్యాండిల్ మీద సిరా చుక్క ఉంటే, అది చెక్క నార వెంట పాకిన దారి చూడండి. బ్యాటు నిలువుకు 3 డిగ్రీలకు మించి పక్కకు పోతే, అంటే 30 సెంటీమీటర్ల పొడవుకు ఒకటిన్నర సెంటీమీటరు దాటితే, ఆ బ్యాటు కొనకండి.

అల్యూమినియం అంత తొందరగా విరగదు గానీ సొట్టపడుతుంది. దాంతో క్రికెట్ కార్క్ బంతిని కొట్టకండి. ఎప్పుడూ ఖంగుమనే బ్యాటు బొంగురుపోతే, వేలిగోటితో చుట్టూ తడిమి పగులు వెతకండి.

మే ఎండలో కారు డిక్కీలో వదిలిన చెక్క ఎండి పెళుసవుతుంది. వానాకాలంలో తడి పీల్చి బరువెక్కుతుంది.

ఇంటిపని: మీ బ్యాటును ఇప్పుడొకసారి, ముసురు పట్టాక ఇంకోసారి తూకం వేసి రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే పని.