రికార్డింగ్‌కి ల్యాప్‌టాప్ కొంటున్నారా? షాపులోనే వినండి

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో రికార్డింగ్ పనికి విండోస్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ చూసి సరిపెట్టుకోకండి. డెమో పీస్‌లో ఉచితంగా దొరికే ‘లేటెన్సీమాన్’ (ఆడియో తెగకుండా నడుస్తుందో లేదో చూపే సాఫ్ట్‌వేర్) వేయమని అడిగి, ఓ 10 నిమిషాలు నడవనివ్వండి. బార్లు ఎర్రబడితే ఏదో డ్రైవర్ (లోపలి భాగాల్ని నడిపే సాఫ్ట్‌వేర్) అడ్డుపడుతోందన్నమాట. ఎంత ఖరీదైన మెషీనైనా పాట మధ్యలో టప్ టప్‌మంటుంది. చాలాసార్లు అది వైఫై డ్రైవరే, ఆపేసి మళ్లీ చూడండి. నా పాత ల్యాప్‌టాప్‌లో ఒకమ్మాయి ప్రాణం పెట్టి పాడిన టేక్ ఇలాగే పాడైంది, ఇప్పటికీ బాధే.

మీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), హెడ్‌ఫోన్స్ కూడా పట్టుకెళ్లండి. చార్జర్ పెట్టి ఓసారి, తీసి ఓసారి వినండి. పెట్టగానే సన్నగా గుయ్‌మంటే వేరే మోడల్ చూపించమనండి. ఫ్యాన్ చప్పుడు షాపు సందడిలో తెలియదు, దగ్గరగా చెవి పెట్టాల్సిందే.