ఫ్రీజ్ ఫ్రేమ్ వణకకుండా ముందే చూసుకోవలసినవి

వీడియోలో ఒక ఫ్రేమును కదలకుండా నిలిపి చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ పెట్టడం ఒక్క క్లిక్కుతో అయ్యే పని. అయితే ఇంటర్లేస్డ్ పద్ధతిలో, అంటే ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా (ఫీల్డులుగా) రికార్డయిన ఫుటేజీ మీద ఆ క్లిక్కు పడినప్పుడు, నిశ్చలంగా ఉండవలసిన బొమ్మ తెర మీద సన్నగా వణకడం మొదలవుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రివ్యూ చాలాసార్లు ఒకే ఫీల్డును గాని, తగ్గించిన రిజల్యూషన్‌ను గాని చూపుతుంది కనుక ఈ లోపం పని చేస్తున్నంతసేపూ బయటపడదు. పాత టేపులతోను, 1080ఐ (1080 గీతల ఇంటర్లేస్డ్) కెమెరాల ఫుటేజీతోను పని చేయబోయేవారు మొదటి ఫ్రీజ్ పెట్టకముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ముందు క్లిప్ ప్రాపర్టీస్ తెరిచి, ఫుటేజీ ఇంటర్లేస్డా, ప్రోగ్రెసివా (ఫ్రేము మొత్తం ఒకే బొమ్మగా ఉండేది) చూడండి. సెకనుకు 25 ఫ్రేములున్న ఇంటర్లేస్డ్ వీడియోలో నిజానికి 50 ఫీల్డులుంటాయి. ఒక ఫీల్డులో బేసి గీతలు, రెండో దానిలో సరి గీతలు ఉంటాయి, ఆ రెండింటి మధ్య సెకనులో 50వ వంతు కాలం గడుస్తుంది. వీడియో నడుస్తున్నప్పుడు ప్రతి ఫీల్డూ కదలికను ముందుకే తీసుకుపోతుంది కనుక కంటికి ఇబ్బంది ఉండదు. ఫ్రీజ్ చేయగానే అవే రెండు క్షణాలు ఒకదాని తరువాత ఒకటి మళ్లీ మళ్లీ వస్తాయి, కదిలిన చెయ్యి అక్కడికీ ఇక్కడికీ కొట్టుకుంటున్నట్లు కనిపిస్తుంది. వణుకుకు మూలం ఇదే.

కాబట్టి ఫ్రేమును ఎంచుకునేటప్పుడు తొందరపడకూడదు. ప్రివ్యూను పూర్తి రిజల్యూషన్‌లో, 100 శాతం సైజులో ఉంచి, రెండు ఫీల్డులూ కనిపించేలా పెట్టుకుని, కదిలే వస్తువుల అంచులను పరిశీలించండి. చప్పట్లు కొడుతున్న వేళ్ల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తే ఆ ఫ్రేమును వదిలేసి, అరచేతులు కలిసి ఒక్క క్షణం ఆగిన ఫ్రేము దగ్గరికి జరగండి. ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ జరిగితే సరిపోయే చోట ఏ ఎఫెక్టూ అవసరం లేదు. నా దృష్టిలో ఇంతకు మించిన చికిత్స లేదు, ఎందుకంటే ఇందులో బొమ్మ నాణ్యత ఏమాత్రం తగ్గదు.

అలాంటి ఫ్రేము దొరకనప్పుడే డీఇంటర్లేస్ చేయాలి, అంటే ఫీల్డుల నుంచి ఒకే క్షణపు పూర్తి బొమ్మను తయారు చేయాలి. ప్రీమియర్ ప్రోలో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి, ఫీల్డ్ ఆప్షన్స్‌లో ఆల్వేస్ డీఇంటర్లేస్ ఎంచుకోవచ్చు. డావించీ రిజాల్వ్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో డీఇంటర్లేసింగ్‌కు టిక్ పెట్టాలి. ఒక ఫీల్డును పక్కన పెట్టి మిగిలినదానితోనే బొమ్మను పూరించే పద్ధతిలో నిలువు వివరాలు దాదాపు సగం పోతాయి, అంటే 1080 గీతలకు బదులు నిజంగా మిగిలేవి 540. అందుకే తుది వీడియో ఇంటర్లేస్డ్‌గానే వెళ్లవలసినప్పుడు ఫ్రీజ్ ముక్కను మాత్రమే కత్తిరించి దానికే డీఇంటర్లేస్ పెట్టండి. ఇంటర్నెట్ కోసమైతే ఫుటేజీ మొత్తాన్నీ ఎడిటింగ్‌కు ముందే మంచి పద్ధతిలో ప్రోగ్రెసివ్‌గా మార్చుకోవడం మేలు.

కదలిక లేకపోయినా మెరమెరలాడే ఫ్రీజులు కొన్ని ఉంటాయి. అడ్డచారల చొక్కా, దూరంగా కనిపించే మెట్లు, టైటిల్ అక్షరాల్లోని సన్నని అడ్డగీతలు ఒక్క స్కాన్ గీత మందంలోనే ఉంటే, అవి ఒక ఫీల్డులో ఉండి రెండో దానిలో ఉండవు, కనుక మిణుకుమిణుకుమంటాయి. వీటికి ప్రీమియర్ ప్రో ఫీల్డ్ ఆప్షన్స్‌లోనే ఉన్న ఫ్లికర్ రిమూవల్ గాని, నిలువు దిశలో అతి స్వల్పమైన బ్లర్ గాని సరిపోతుంది. ఎక్కువ పెడితే ముఖాలు మసకబారతాయి, జాగ్రత్త.

క్లిప్ మీద కీఫ్రేములతో (ఎఫెక్టు ఎక్కడ ఎంత ఉండాలో చెప్పే గుర్తులతో) మారే ఎఫెక్టులుంటే ఫ్రీజ్ సమయంలో కూడా అవి మారుతూనే ఉంటాయి. ప్రీమియర్ ప్రో ఫ్రేమ్ హోల్డ్ ఆప్షన్స్‌లో హోల్డ్ ఫిల్టర్స్ టిక్ పెట్టడం మరవకండి. 29.97 ఫ్రేముల క్లిప్‌ను 25 ఫ్రేముల సీక్వెన్స్‌లో వేసినప్పుడు ఫ్రేమ్ బ్లెండింగ్ ఆన్‌లో ఉంటే రెండు ఫ్రేములు కలిసిన నీడబొమ్మే ఫ్రీజ్ కావచ్చు, దాన్ని ఆపేయండి. ఫ్రేమును స్టిల్‌గా ఎగుమతి చేసి తిరిగి తెచ్చుకునేటట్లయితే జేపెగ్‌కు బదులు పీఎన్‌జీ వాడి, పిక్సెల్ ఆస్పెక్ట్ రేషియో (ఒక్కో పిక్సెల్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) అసలు క్లిప్‌తో సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే అతుకు దగ్గర ముఖం ఒక్కసారిగా సన్నబడుతుంది లేదా వెడల్పవుతుంది.

ఎక్స్‌పోర్ట్ అయిన తరువాతే ఫ్రీజ్ ఉండుండి ఊపిరి పీల్చినట్లు కదిలితే, అది ఫీల్డుల దోషం కాదు. వీడియోను కుదించే హెచ్.264 వంటి కోడెక్‌లో కొత్త కీఫ్రేము (ఎఫెక్టు గుర్తు కాదు, పూర్తి బొమ్మగా భద్రపరిచే ఫ్రేము) వచ్చినప్పుడల్లా బొమ్మ తిరిగి స్పష్టపడటం వల్ల అలా కనిపిస్తుంది, ఫ్రేములో నాయిస్ (బొమ్మ మీది గరుకు చుక్కలు) ఎక్కువగా ఉంటే ఇంకా కొట్టొచ్చినట్లు తెలుస్తుంది. బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) పెంచండి, అవసరమైతే ఎక్స్‌పోర్ట్‌కు ముందే ఫ్రీజ్ ముక్కను డీనాయిస్ చేయండి. మొత్తం రెండర్ పెట్టకముందు ఫ్రీజ్‌కు అటూ ఇటూ కొన్ని సెకన్లు కలుపుకుని ఆ భాగాన్ని మాత్రమే తుది సెట్టింగులతో ఎక్స్‌పోర్ట్ చేసి, వీడియో చివరికి ఏ తెర మీద ఆడుతుందో ఆ తెర మీదే చూడండి.