ఇల్లు మారిన సంగతిని కథగా ఎలా రాయాలి?

ఇల్లు మారిన ప్రతివాళ్లకూ చేతిలో ఒక కథ ఉన్నట్టే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. వరంగల్ గిర్మాజీపేటలో పాత పెంకుటింటి నుంచి హనుమకొండ నయీంనగర్‌లో రెండో అంతస్తుకు మారిన వారానికే పన్నెండు పేజీలు రాసేశాను. అందులో బావి, అటక, నాన్న కూర్చునే అరుగు, జామచెట్టు అన్నీ ఉన్నాయి, కథ మాత్రం లేదు. ఆ పన్నెండు పేజీల్లో చివరికి మిగిలింది ఒక్క బీరువా. అదెలా మిగిలిందో చెప్తాను, మీకు పనికొస్తే వాడుకోండి.

మొదటి సంగతి, మారే రోజున కథ రాయకండి. రాద్దామన్నా టైం దొరకదనుకోండి. ఫోన్ తీసి, మనుషులు అన్న మాటలు అన్నవి అన్నట్టు ఎక్కించుకుంటే చాలు. వస్తువులు ఎలాగూ గుర్తుంటాయి, మాటలే సాయంత్రానికల్లా మన భాషలోకి మారిపోతాయి. మా సామాను మోసిన హమాలీ మెట్ల మలుపు దగ్గర బీరువాను తువ్వాలతో కొలిచి, "తిరుగుతలేదన్నా, కిందనే వెట్టుకోండ్రి" అన్నాడు. దాన్నే నేను "బీరువా మలుపు తిరగడం లేదండీ" అని రాసుకుని ఉంటే ఆ మనిషి అక్కడే మాయమైపోయేవాడు. ట్రాలీ ఆటో బేరం ఎంతకు తెగింది, ఎన్ని ట్రిప్పులు పట్టింది, పాత ఓనర్ సున్నం ఖర్చని అడ్వాన్సులో ఎంత పట్టుకున్నాడు, ఇవీ రాసి పెట్టుకోండి. కథలో ఎవరికి ఎందుకు కోపం వచ్చిందో తర్వాత ఈ లెక్కల్లోనే దొరుకుతుంది.

తర్వాత, కొత్త ఇంట్లో ఇమడని వస్తువు ఏదో చూడండి. అందంగా ఉన్నదో పాతదో కాదు, ఇమడనిది. రోలు కావచ్చు, వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా కావచ్చు, గదికి అడ్డం పడే పట్టెమంచం కావచ్చు. ఇమిడిపోయిన వస్తువును పెట్టిన చోట మర్చిపోతాం. ఇమడని దానితో ఇంట్లోవాళ్లు రోజూ ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది, మీకు కావలసింది ఆ రోజూ చేసే పనే.

ఇక ఎవరి కథో తేల్చుకోవాలి, నేను ఎక్కువ రోజులు తన్నుకున్నది ఇక్కడే. మారదామన్నది ఒకరు, మూటలు కట్టింది ఇంకొకరు, వద్దన్నా ఎవరూ వినిపించుకోనిది మరొకరు. నా పన్నెండు పేజీలూ మొదటి మనిషివి, అంటే నావి. మా ఇంట్లో మూడో మనిషి అమ్మ. బీరువాను మెట్ల కింద, స్కూటర్ల పక్కన పెట్టుకోమని కొత్త ఓనర్ అన్నాడు, రెండు రోజుల్లో అమ్మేద్దామని మేమనుకున్నాం. అమ్మ మాత్రం పొద్దున్నే స్నానం చేసి, పాత చీర చుట్టుకుని, రెండంతస్తులు దిగి, "బిడ్డా, జర బండి జరుపు" అని ఎవరి చేతనో స్కూటీ పక్కకు తీయించి, బీరువా తెరిచి, ఆ రోజు కట్టుకునే చీర ఒక్కటి తీసుకుని, తాళం వేసి మళ్లీ ఎక్కేది. చీరలన్నీ పైకి తెచ్చి అల్మారాలో పెడతానంటే వద్దంది. ఎందుకని అడిగితే "దాంట్లనే ఉండనీ" అంది, అంతే. ఇది నా మొదటి ప్రతిలో తొమ్మిదో పేజీలో రెండు వాక్యాలు!

గడువు కూడా కావాలి. మన దగ్గర అది పంచాంగంలోనే ఉంటుంది. నెలాఖరుకు ఖాళీ చేయమని ఓనర్ అంటాడు, నెలాఖరు పోయి ఆషాఢంలో పడుతుంది, ఆషాఢంలో కొత్తింట్లో అడుగు పెట్టనని పెద్దావిడ కూర్చుంటుంది. మేము మారింది ఏప్రిల్‌లో, కథలో ఆషాఢానికి తోశాను. పాలు పొంగించే సీన్ మాత్రం దయచేసి వద్దు, అందరూ రాసేశారు. పొయ్యి రెండో ట్రిప్పులో ఉండిపోయి పాలు చల్లగా గిన్నెలో కూర్చుంటే, అప్పుడు రాయండి.

ఊరిని వర్ణించకుండా వాడుకోండి. మెట్ల కింద బీరువా, ఇల్లు నయీంనగర్‌లో అంటే మనవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. 2023 జులై వానలకు అక్కడి నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి మర్చిపోయినవాళ్లు తక్కువ, కథలో ఒక మబ్బు పట్టిస్తే టెన్షన్ దానంతట అదే వస్తుంది. ఇంకో చమత్కారం కూడా ఉంది. హనుమకొండలో ఇల్లు కదలని మనిషి కూడా 2016 దాకా వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ జిల్లా. గడప దాటకుండానే అడ్రస్ రెండుసార్లు మారింది. గ్యాస్ బుక్కులో ఒక జిల్లా, ఆధార్‌లో ఒక జిల్లా ఉన్న పాత్ర మీకు ఊరికే దొరికినట్టే.

ఒక్కచోట జాగ్రత్త. మిడ్ మానేరు కింద మునిగిన ఊళ్ల నుంచో, భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గనులకు భూములిచ్చిన ఊళ్ల నుంచో వచ్చినవాళ్లదీ ఇల్లు మారడమే కదా అని మన కిరాయి ఇంటి బాధను తీసుకెళ్లి వాళ్లకు అంటించకండి. మనం గిర్మాజీపేట వెళ్తే ఆ గల్లీ ఉంటుంది, వాళ్లు తిరిగి వెళ్లి చూసుకోవడానికి గల్లీ కూడా లేదు. ఆ కథ రాయాలంటే వెళ్లి, కూర్చుని, చాలా రోజులు వినాలి.

తర్వాత కోత. ట్రాలీ ఆటో వెళ్లిపోయాక కథ మొదలుపెట్టండి, ముందున్నదంతా తీసేయండి. పాత ఇంటి గురించి నాలుగు వాక్యాలకు మించితే నాకు అనుమానమే. ఓనర్లు, పక్కింటివాళ్లు గుర్తుపట్టేలా ఉంటే అంతస్తులూ ఉద్యోగాలూ మార్చేయండి, లేకపోతే అడ్వాన్స్ గొడవ మళ్లీ మొదలవుతుంది.

ఆఖర్న, ఇంట్లో ఎవరికైనా బయటికి చదివి వినిపించండి. నేను అమ్మకే వినిపించాను, భయపడుతూనే. బత్తాయి ఒలుస్తూ మొత్తం విన్నది. బాగుందనీ అనలేదు, బాగా లేదనీ అనలేదు. "తాళం కుడిదిక్కు తిప్పినట్టు రాసినవ్. అది ఎడమదిక్కు తిరుగుతది" అంది. మార్చాను.