చెరువు గట్టు నుంచి రీడింగులు సరిగా రావడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ప్రోబులు (నీటిలో ఆక్సిజన్ కొలిచే పరికరాలు) పెట్టుకున్న రైతుల కోసం, వాటిని బిగించే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ ఫోనుకు వచ్చే అంకెను నమ్మే రైతు ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయాలో వద్దో తేల్చుకుంటాడు. అందుకే రాని రీడింగు కన్నా తప్పుడు రీడింగు ఎక్కువ ప్రమాదం.

రీడింగు రెండు అంచెల్లో వస్తుంది. ప్రోబు నుంచి గట్టు మీది పెట్టె దాకా ఆర్‌ఎస్-485 అనే రకం తీగ మీద మోడ్‌బస్, అంటే పరికరాలు రీడింగులు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. పెట్టె నుంచి షెడ్డు మీది గేట్‌వే (అన్ని పెట్టెల సందేశాలు అందుకునే పరికరం) దాకా లోరా అనే దూరం వెళ్లే రేడియో, లైసెన్సు అక్కర్లేని 865-867 మెగాహెర్ట్జ్‌లో. మోడ్‌బస్ తప్పును పట్టుకుంటుందే గాని దిద్దలేదు. లోరా కొంతమేర దిద్దగలదు. ఏ అంచెలో తేడా వచ్చిందో తేలకుండా సెట్టింగుల జోలికి వెళ్లకండి.

సమస్య: పగలు బాగానే ఉంటుంది, రాత్రి ఏరియేటర్లు తిరగగానే రీడింగులు ఆగిపోతాయి

కారణం దాదాపు ఎప్పుడూ తీగలోనే ఉంటుంది. ప్రోబు తీగను మోటారు కేబులుతో కలిపి ఒకే పైపులో లాగేసి ఉంటారు. స్టార్టరు పడినప్పుడల్లా ఆ తీగలో బిట్లు (సందేశంలోని 0, 1 అంకెలు) తారుమారవుతాయి. సందేశం చెడిందో లేదో చూసుకోవడానికి దాని చివర చేర్చే 16 బిట్ల సీఆర్‌సీ లెక్క కుదరక పెట్టె ఆ రీడింగును పారేస్తుంది. అది పెట్టె లోపం కాదు, చేయాల్సిన పనే చేస్తోంది.

పరిష్కారం: మెలితిప్పిన జత తీగ, పైన షీల్డు ఉన్నది వాడండి. మోటారు కేబులుకు దూరంగా లాగండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. షీల్డును ఒక్క కొసనే ఎర్త్ చేయండి. లైను రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టరు ఉండాలి. జవాబు చెడితే వెంటనే మళ్లీ అడిగేలా ప్రోగ్రాము రాయండి. పరీక్ష మాత్రం మధ్యాహ్నం, ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు, ఒక్కో ఏరియేటరు వేసి చూడండి. రాత్రిపూట పరీక్ష కోసం ఏరియేటర్లు ఆపడం తగదు.

సమస్య: రీడింగు వస్తోంది, కానీ చెరువుతో పొంతన లేదు

ఫోనులో లీటరుకు 6 మిల్లీగ్రాములని ఉంటుంది, గట్టు మీద చూస్తే రొయ్య గాలి అందక తేలుతుంటుంది. ప్రోబు మీద పాచి ఉంటే తుడిచి, క్రమాంకనం చేసి చూడండి. అప్పటికీ మధ్యమధ్య ఇలాంటి అంకెలే వస్తుంటే లోరాలో తప్పు దిద్దే కోడును అనుమానించాలి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన పద్ధతితో చూద్దాం.

అసలు రీడింగు 3, బిట్లలో 0011. వీటిని 3, 5, 6, 7 స్థానాల్లో పెట్టి, 1, 2, 4 స్థానాల్లో తనిఖీ బిట్లు చేరిస్తే 1000011 అవుతుంది. మొదటి తనిఖీ 1, 3, 5, 7 స్థానాలది. రెండోది 2, 3, 6, 7 స్థానాలది. మూడోది 4, 5, 6, 7 స్థానాలది. ప్రతి గుంపులోనూ ఒకట్లు సరి సంఖ్యలో ఉండాలి. దారిలో అయిదో బిట్టు మారి 1000111 వచ్చిందనుకోండి. మొదటి గుంపూ మూడో గుంపూ తప్పుతాయి, రెండోది కుదురుతుంది. తప్పిన గుంపుల తనిఖీ బిట్లు 1, 4 స్థానాలవి. కూడితే 5. అయిదో బిట్టును తిప్పేస్తే 3 తిరిగి వస్తుంది. మూడు బిట్ల ఖర్చుతో తప్పు ఎక్కడుందో దానంతటదే చెప్పే ఈ ఏర్పాటు నాకు ఎన్నిసార్లు చూసినా అబ్బురమే.

ఇప్పుడు రెండో బిట్టు, అయిదో బిట్టు రెండూ మారాయనుకోండి. వచ్చేది 1100111. మూడు తనిఖీలూ తప్పుతాయి, మొత్తం 7. కోడు ఏడో బిట్టును తిప్పి 1100110 చేస్తుంది. అందులోని రీడింగు 0110, అంటే 6. ప్రమాదంలో ఉన్న చెరువు కులాసాగా ఉన్నట్టు కనబడుతుంది!

పరిష్కారం: లోరాలో సీఆర్‌సీ ఆన్ చేయండి. దిద్దిన తర్వాత మొత్తం సందేశం మీద జరిగే తనిఖీ అది, ఇలాంటి దొంగ 6ను దాదాపుగా తప్పించుకోనివ్వదు. గేట్‌వే ప్రోగ్రాములో సీఆర్‌సీ తప్పు సూచన చూశాకే రీడింగు తీసుకోవాలి. అలా చూడకుండా అంకెను తీసేసుకునే ప్రోగ్రాములున్నాయి, వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచకండి. చెడిన రీడింగు స్థానంలో పాత అంకె చూపించడం కూడా వద్దు. "రీడింగు లేదు" అని అలారం మోగాలి.

సమస్య: దూరపు చెరువు రీడింగులు తరచూ పోతున్నాయి

ముందు యాంటెన్నా చూడండి. మధ్యలో కొబ్బరితోట ఉంటే, వాన కురిసి ఆకులు తడిస్తే సిగ్నలు ఇంకా పలచబడుతుంది. చెట్ల తలలు దాటేంత ఎత్తుకు యాంటెన్నా లేపితే వచ్చే లాభం ఏ సెట్టింగుకూ రాదు.

ఆ తర్వాత కోడింగ్ రేటు, అంటే నాలుగు అసలు బిట్లకు తనిఖీ బిట్లు కలిపి మొత్తం ఎన్ని పంపాలన్నది. 4/5, 4/6 తప్పును గుర్తిస్తాయి, దిద్దలేవు. 4/7, 4/8 ప్రతి కోడు పదంలో (తనిఖీ బిట్లు చేరిన ఒక్కో గుంపులో) ఒక బిట్టును దిద్దుతాయి. 4/8లో రెండు తప్పులు జరిగినా ఆ సంగతి తెలుస్తుంది. లోరా ఒక పదం బిట్లను వరసగా పంపదు, వేర్వేరు సింబళ్లలోకి (రేడియో ఒక్కో విడతలో పంపే ముక్కల్లోకి) చెదరగొడుతుంది. ఒక సింబలు పూర్తిగా చెడినా ఒక్కో పదానికి పోయేది ఒక్క బిట్టే, కాబట్టి దిద్దడానికి వీలుంటుంది. దీనికి మూల్యం సమయం. 4/5 నుంచి 4/8కి మారితే రీడింగు గాలిలో ఉండే కాలం 60 శాతం దాకా పెరుగుతుంది, బ్యాటరీ కూడా ఆ మేరకు తింటుంది.

అదీ చాలకపోతేనే స్ప్రెడింగ్ ఫ్యాక్టరు (ఒక్కో సింబలును ఎంతసేపు సాగదీసి పంపాలన్న సెట్టింగు) ఒక్క మెట్టు పెంచండి. ఒక్కో మెట్టుకూ సమయం దాదాపు రెట్టింపవుతుంది. అన్ని చెరువులకూ ఒకేసారి 12 పెట్టేస్తే సందేశాలు ఒకదానితో ఒకటి ఢీకొని, దగ్గరి చెరువుల రీడింగులూ పోతాయి.

సమస్య: సెట్టింగు మార్చాక అసలేమీ రావడం లేదు

హెడరు (సందేశం ముందు దాని వివరాలు చెప్పే భాగం) లేని పద్ధతిలో కోడింగ్ రేటు సందేశంలో ఉండదు, రెండు వైపులా చేత్తో ఒకేలా పెట్టాలి. హెడరు ఉంటే గేట్‌వే దానంతటదే తెలుసుకుంటుంది, అందుకే హెడరు ఉంచుకోమంటాను. 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో స్ప్రెడింగ్ ఫ్యాక్టరు 11 లేదా 12 వాడితే, తక్కువ వేగానికి ఉద్దేశించిన సవరణ ఒకటి ఉంటుంది. అది రెండు వైపులా ఆన్ అయి ఉండాలి. ఒక వైపే ఉంటే ప్రతి సందేశమూ సీఆర్‌సీ దగ్గర ఆగిపోతుంది. మార్పులు ముందు గేట్‌వేకు దగ్గరగా ఉన్న చెరువులో చేసి, రీడింగు వచ్చాకే మిగతా పెట్టెలు తెరవండి.